పెండ్లిని వదలి కర్రలను చూచు పత్రికలు

ప్రతి సంవత్సరము విజయదశమి గడచిన వెంటనే మన దినపత్రికలలో దేవరగట్టు వార్త తప్పక కానవచ్చును. కర్నూలు జిల్లా పడమటి భాగమున, హొళగుంద మండలములో నున్న యా కొండమీద దసరానాటి నడురేయి మాళమ్మకును మల్లేశ్వరునకును కల్యాణము జరుగును. పిమ్మట దివిటీల వెలుగున ఉత్సవ విగ్రహములను ఊరేగింతురు. ఆ విగ్రహములకై నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామములవా రొక వైపునను, చుట్టుపట్ల గ్రామములవారు మరియొక వైపునను ఇనుప కట్లు వేసిన కర్రలతో తలపడుదురు. దీనినే బన్ని ఉత్సవ మందురు. 2025వ సంవత్సరమున నీ పోరాటములో ఇద్దరు ప్రాణములు కోల్పోయిరి, పెక్కుమంది గాయపడిరి. తలలు పగిలిన సంగతి పత్రికలు వ్రాయవలసినదే, వ్రాయకుండుటయే దోషము. కాని యేటేటి వార్తలను వరుసగా చదివినవారికి ఒక విషయము తోచకమానదు. కర్రల సంగతి తెలియును. కాపున్న పోలీసుల సంఖ్య తెలియును. గాయపడినవారిని ఏ యాసుపత్రికి చేర్చిరో తెలియును. అచ్చట జరిగినది పెండ్లి యను మాట మాత్రము వార్తలో మూలమూలలు వెదకినగాని కనబడదు. అది ఎవరి కల్యాణము, ఆ గ్రామములవారు దాని నేమని నమ్ముచున్నారు, కర్ర విడువుమని ఎన్ని మారులు చెప్పినను వారేల విడువరు, అను ప్రశ్నలకు ఆ వార్తలో చోటుండుట అరుదు.

పెండ్లిని వదలి కర్రలను చూచు నీ యలవాటు దేవరగట్టుతో ముగియునది కాదు. ఈ కాలమున లోకమంతట చర్చకు వచ్చుచున్న మరియొక వివాహ విషయమున మన తెలుగు పత్రికల తీరును పరిశీలించిన, అదే చూపు, అదే తొందర, అదే లోపము కనబడుచున్నవి. ఇద్దరు పురుషులు గాని, ఇద్దరు స్త్రీలు గాని దాంపత్యము కోరి కలిసి జీవించుట, దానిని వివాహముగా గుర్తింపుమని రాజ్యమును అడుగుట, ఇప్పుడు జపానులోను, మన దేశములోను న్యాయస్థానముల యెదుట నడచిన వ్యాజ్యములు. వీనిని గూర్చి యెవరి యభిప్రాయము వారికుండవచ్చును. అనుకూలురు కలరు, ప్రతికూలురు కలరు, ఎటును తేల్చుకొననివారు అంతకంటె నెక్కువగా కలరు. ఈ వ్యాసమున నేను విచారింపదలచినది ఆ వివాహముల మంచిచెడ్డలను మాత్రమే కాదు. వానిని గూర్చి మన యింటికి ప్రతి యుదయమున వచ్చు కాగితము మనకేమి నేర్పుచున్నదో విచారింపదలచితిని. ఏలయన, మన యిండ్లలో ఈ విషయమును నోరు విప్పి మాటలాడువారు లేరు. తల్లిదండ్రులు చెప్పరు, బడిలో చెప్పరు. తక్కిన విషయములలో పత్రిక యొక గురువైన, ఈ విషయమున నదియే పెక్కుమందికి మొదటి గురువగుచున్నది.

మొదట మాటను తీసికొందము. తెలుగు పత్రికలలో ఇట్టివారికి స్థిరపడిన పేరు 'స్వలింగ సంపర్కులు'. ఈ మాటను నిత్యము చదివి చదివి మన చెవులు మొద్దువారినవి గాని, ఒక్కసారి నిలిచి యాలోచించినచో దీని యన్యాయము తెల్లమగును. సంపర్కమనగా కలయిక, తాకిడి. రోగములు సంక్రమించు విధమును చెప్పునప్పుడు వాడు మాట యిది. ఒక మనుష్యుని ప్రేమను, తోడును, ముప్పది యేండ్ల కాపురమును, రోగశయ్యకడ చేసిన సేవను, ఒక్క శరీర కార్యమునకు కుదించి, ఆ కార్యముతోనే అతనికి పేరు పెట్టుట యెట్టి న్యాయము? ఆదోని బజారులోని వ్యాపారి తన కుమారునకు పెండ్లి చేసిన, ఆ దంపతులను 'భిన్నలింగ సంపర్కులు' అని ఏ పత్రికయైన వ్రాయునా? వ్రాసిన, ఆ వ్యాపారి యూరకుండునా? మర్యాద గల కుటుంబముల వారికి వధూవరులు, దంపతులు, ఆలుమగలు అను మాటలు. వీరికి మాత్రము పడకటింటి మాట.

ఈ మాట యెచ్చటినుండి వచ్చెనో కూడ చూడవలెను. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతిలో 377వ విభాగము ఇట్టి కలయికను నేరముగా నెన్నెను. నేరమైనంతకాలము ఈ విషయము నేరవార్తల విలేఖరి పాలు. అతడు ఠాణాలో వ్రాసిన కాగితములనుండి వార్తను తీసికొనును గనుక, అతనికి కావలసినది మనుష్యుడు కాదు, కార్యము. 2018 సెప్టెంబరు 6వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, ఇష్టపడిన వయోజనుల మధ్య ఏకాంతమున జరుగు దానికి ఆ విభాగము వర్తింపదని తీర్పు చెప్పెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ విభాగమే లేదు. నేరము పోయినది గాని నేరమునకై పుట్టిన మాట మాత్రము పత్రికలను విడువలేదు.

పొరుగున తమిళదేశమున ఈ దోషమును దిద్దు ప్రయత్నము జరిగినది. ఇంటివారి నుండి రక్షణ కోరి వచ్చిన ఇద్దరు యువతుల వ్యాజ్యమును విచారించుచు, మద్రాసు ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ గారు 2021లో, ఈ విషయము తమకే సరిగా తెలియదని ఒప్పుకొని, తెలిసినవారివద్ద కూర్చుండి నేర్చుకొని, పిమ్మట ఉత్తరువు లిచ్చిరి. ఆ వ్యాజ్యము ఫలితముగా తమిళనాడు ప్రభుత్వము 2022లో ఇట్టివారిని గూర్చి గౌరవముతో వాడదగిన తమిళ పదముల పట్టికను రాజపత్రమున ప్రకటించెను. పత్రికలవారు ఆ పదములను వాడవలెనని న్యాయస్థానము కోరెను. న్యాయమూర్తి పీఠముమీద నుండి నేర్చుకొనుటకు సిగ్గుపడకపోగా, పత్రికా సంపాదకుడు సిగ్గుపడుటకు కారణము లేదు. తెలుగు పత్రికలు ప్రభుత్వము కొరకు వేచియుండనక్కరలేదు. 'స్వలింగ ప్రేమికులు', 'స్వలింగ దంపతులు', 'స్వలింగ వివాహము' అను మాటలు ఇప్పటికే కొందరు వాడుచున్నారు. కార్యమును గాక మనుష్యుని చూపు మాట యేదైనను సరియే.

ఇక విషయమునకు వత్తము. తెలంగాణమున నిట్టి వేడుకలలో మొదటిదిగా పత్రికలలో ప్రసిద్ధి కెక్కినది 2021 డిసెంబరు మాసమున జరిగినది. హైదరాబాదున నివసించుచుండిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అను ఇద్దరు, వికారాబాదు మార్గమునందలి యొక విడిదిలో, బంధుమిత్రుల యెదుట, తమ తమ కుటుంబముల వంగ, పంజాబీ ఆచారములతో వేడుక చేసికొనిరి. చట్టమున దానికి నమోదు లేదు. వారికి నా సంగతి తెలియును. అది లోకుల యెదుట పరస్పరము మాట యిచ్చుకొనిన వేడుక. పత్రికలు దానిని విరివిగా ప్రకటించినవి. కొన్ని మర్యాదగానే వ్రాసినవి. కాని పెక్కు వార్తలలో పసుపు పూత, ఉంగరములు, వేసికొనిన దుస్తులు, అతిథుల కోలాహలము, వీనికే స్థలము సరిపోయినది. ఆ ఇద్దరిలో ఒకరు జబ్బు పడిన ఆసుపత్రిలో సంతకము పెట్టు హక్కు రెండవవారికి కలదా, ఒకరు మరణించిన వారి యింటికి వారసు లెవరు, అను ప్రశ్న ఆ ఛాయాచిత్రముల నడుమ ఇమిడినది కాదు. ఆ ప్రశ్నయే ఆ ఇద్దరినీ మరుసటి సంవత్సరము ఢిల్లీకి నడిపించెను. 2022 నవంబరులో వారు సర్వోన్నత న్యాయస్థానమున వేసిన దరఖాస్తు పేరుమీదనే ఆ వ్యాజ్యసముదాయమంతయు ప్రసిద్ధమైనది. తెలుగునేల మీది యొక వేడుక దేశపు న్యాయచరిత్రలో నొక యధ్యాయమునకు మొదలైనది. ఆ మొదలును వింతగా చూచిన పత్రికలు ఆ పిమ్మటి కథను ఢిల్లీ వార్తగా ప్రకటించినవి.

వింతయను మాట వచ్చినది గనుక ఆదోని పక్కనున్న సంతెకుడ్లూరును తలచుకొనవలసియున్నది. ఆ యూర హోళీనాడు పురుషులు చీరలు కట్టి, నగలు పెట్టి, పూలు ముడిచి, రతీమన్మథులను పూజించి మొక్కు తీర్చుకొందురు. ప్రతి యేడును పత్రికలు దీనిని వ్రాయును. శీర్షికలో వింత ఆచారమనియే యుండినను, వార్తలోపల మాత్రము విలేఖరి కొంత శ్రద్ధ వహించును. ఎందుకు కట్టుదురు, ఏమి మ్రొక్కుదురు, ఎన్ని తరములనుండి సాగుచున్నది, అని గ్రామస్థులనే అడిగి, వారి మాటలలోనే వ్రాయును. మీసమున్న మగవాడు చీర కట్టుట చూచి చదువరి నవ్వక, ఇది భక్తియని గ్రహించుటకు ఆ శ్రద్ధయే కారణము. ఇది మంచి పద్ధతి. అయిన నీ శ్రద్ధ ఆచారమునకేనా, మనుష్యునకు లేదా? ఊరంతయు ఒకనాడు చేసినది సంప్రదాయమని విచారించు విలేఖరి, ఇద్దరు మనుష్యులు బ్రతుకంతయు చేయదలచినదానిని వారిని అడుగకయే వ్రాయుట విపరీతము కాదా?

దీనితోడనే మరియొక గందరగోళమును చెప్పవలెను. మొక్కుకై ఒకనాడు స్త్రీవేషము ధరించువారు వేరు. పుట్టుకతో ఒకరు పెట్టిన స్త్రీత్వమో పురుషత్వమో తనది కాదని యెరిగి, తన గుర్తింపునుబట్టి జీవించు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు వేరు. తన గుర్తింపును గూర్చి సందేహము లేక, తనవంటి వారినే ప్రేమించువారు వేరు. ఈ మూడింటిని ఒక్క మూటగా కట్టి, ఒక్క ఛాయాచిత్రముతో అచ్చువేయుట మన పత్రికలలో నరుదు కాదు. ఈ గందరగోళము వట్టి భాషాదోషమని తలపరాదు. నిజాము కాలమున 1329 ఫసలీలో పుట్టిన నపుంసకుల శాసన మొకటి హైదరాబాదు రాజ్యమున నుండెను. అది ఒక వర్గమువారి పేర్లను పట్టికలో నెక్కించి, వారు స్త్రీదుస్తులతో బజారున కనబడిన వారెంటు లేకయే పట్టుకొనుట కధికార మిచ్చెను. వైజయంతి వసంత మొగిలి గారు మొదలగువారు వేసిన వ్యాజ్యమున తెలంగాణ ఉన్నత న్యాయస్థానము 2023 జూలైలో దానిని కొట్టివేసెను. వేషమును నేరముతో, నేరమును మనుష్యునితో కలిపిన చట్టము నూరేండ్లకు పైగా పుస్తకమున నిలిచినది. కలిపి వ్రాయుట యెంత దూరము పోవునో తెలియుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇక న్యాయస్థాన వార్తలు. 2023 అక్టోబరు 17వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల పీఠము తన తీర్పును చెప్పెను. అందు ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, కౌల్, రవీంద్ర భట్, నరసింహ గారలును, అంతకు మునుపు తెలంగాణ ఉన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తిగా నుండిన హిమా కోహ్లీ గారును ఉండిరి. మరునాటి పత్రికల శీర్షికలను చదివినవారికి 'వివాహమునకు హక్కు లేదు' అనునంతవరకే తెలిసినది. అది నిజమే, కాని నిజములో నొక భాగము. వివాహమాడుట రాజ్యాంగమిచ్చిన నిరపేక్షమైన ప్రాథమిక హక్కు కాదనియు, స్వలింగ వివాహమునకు చట్టము చేయుట శాసనసభల పని యనియు ఐదుగురును చెప్పిరి. వివాహము కాని యొక చట్టబద్ధ సంబంధముగా గుర్తింపవలెనా, అట్టివారు కలిసి బిడ్డను దత్తు తీసికొనవచ్చునా, అను నంశములందు ఇద్దరు అనుకూలముగను ముగ్గురు ప్రతికూలముగను చెప్పిరి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు స్త్రీపురుష సంబంధమున వివాహమాడుటకు ఇప్పటి చట్టముల క్రిందనే హక్కు గలదని ఐదుగురును ఏకగ్రీవముగా చెప్పిరి. కడపటిదైన యీ మాట తెలుగు జిల్లాలలో ఎందరికో సూటిగా సంబంధించినది. ఒక కుటుంబము నిలుచుటకో కూలుటకో చాలిన మాట. శీర్షికలో దీనికి చోటు దొరకలేదు. పెక్కుచోట్ల వార్తలోను దొరకలేదు.

ఆ వ్యాజ్యమున కేంద్ర ప్రభుత్వము ఈ కోరిక నగరములందలి పైతరగతివారిదని వాదించెను. ప్రధాన న్యాయమూర్తి తమ తీర్పులో దీనిని ఖండించి, ఇట్టి స్వభావము నగరమునకుగాని సంపదకుగాని కట్టుబడినది కాదని వ్రాసిరి. పత్రికల తీరు మాత్రము తెలియకయే ప్రభుత్వవాదమును బలపరచుచున్నది. హైదరాబాదు వేడుకకు రంగురంగుల ఛాయాచిత్రములు. పల్లెలోని ఇద్దరు బాలికల సంగతికి జిల్లా పుటలో, దొంగతనముల నడుమ, నాలుగు పంక్తులు. చదువరికి కలుగు భావమేమి? పట్టణమున నిది వేడుక. పల్లెలో నిది గలభా. ఈ రెండింటి నడుమ మనుష్యులు లేరు.

ఇచ్చట జపాను సంగతి మనకు తోడ్పడును. ఆ దేశమున స్వలింగ వివాహమునకు చట్టము లేదు. 2015లో టోక్యో నగరములోని షిబుయా వార్డు ఇట్టి జంటలకు సహజీవన పత్రము లిచ్చుటకు ఆరంభింపగా, తక్కిన నగరములు పెక్కు దానిని అనుసరించినవి. ఆ పత్రమునకు వివాహపు బలము లేదు. కనుక కొందరు జంటలుగా న్యాయస్థానములకెక్కిరి. వాదమంతయు ఆ దేశపు రాజ్యాంగములోని 24వ అధికరణము చుట్టు తిరుగుచున్నది. వివాహము 'ఉభయ లింగముల' పరస్పర సమ్మతి మీదనే యాధారపడవలెనని 1947లో అమలులోనికి వచ్చిన ఆ రాజ్యాంగము చెప్పుచున్నది. ఉభయమనగా స్త్రీపురుషులే యని కొందరు. ఆ వాక్యము పుట్టిన యుద్దేశ్యము వేరని మరికొందరు. పూర్వము జపానులో ఇంటి పెద్ద యనుమతి లేనిది వివాహము చెల్లెడిది కాదు. ఆ పెత్తనమును తొలగించి, వివాహమాడువారి సమ్మతియే చాలునని చెప్పుటకై ఆ వాక్యమును వ్రాసిరి. ఎవరినో వెలివేయుటకు కాదు, అని వారి వాదము.

2021 మార్చిలో సప్పొరో జిల్లా న్యాయస్థానము, ఇట్టివారికి వివాహ ఫలములు లేకుండ చేయుట సమత్వమునకు విరుద్ధమనెను. 2022లో ఒసాకా జిల్లా న్యాయస్థానము విరుద్ధము కాదనెను. 2024 మార్చిలో సప్పొరో ఉన్నత న్యాయస్థానము మొదలుగా 2025 మార్చిలో ఒసాకా ఉన్నత న్యాయస్థానము వరకు, ఐదు ఉన్నత న్యాయస్థానములు రాజ్యాంగ విరుద్ధమనియే చెప్పినవి. 2025 నవంబరులో టోక్యో ఉన్నత న్యాయస్థానము మరియొక వ్యాజ్యమున దీనికి భిన్నముగా తీర్పు చెప్పెను. ఇందొక చిక్కు కలదు. రాజ్యాంగ విరుద్ధమని చెప్పిన న్యాయస్థానములు సయితము, వాదులు కోరిన నష్టపరిహారమును ఇయ్యలేదు. అనగా కాగితము మీద వాదులు ఓడిరి. సూత్రము మీద గెలిచిరి. 'గెలుపు' అని వ్రాసినను 'ఓటమి' అని వ్రాసినను సగమే నిజము. ఇట్టి తీర్పును నాలుగు పంక్తుల తంతివార్తగా, 'సంచలన తీర్పు' అను శీర్షికతో మన పత్రికలలో చదివినవానికి తెలియున దేమి? జపానులో నేదో సంచలనము కలిగినదని మాత్రము తెలియును.

జపాను పత్రికలు దోషరహితములని నా యభిప్రాయము కాదు. అచ్చటను పక్షము లున్నవి. అసాహీ, మైనిచీ పత్రికలు సంపాదకీయములలో ఇట్టి వివాహములకు అనుకూలముగను, సాంకేయి పత్రిక ప్రతికూలముగను వ్రాయుచున్నవి. కాని అనుకూలురును ప్రతికూలురును ఆ 24వ అధికరణపు పదములమీదనే తర్కింతురు. చదువరికి వివాదము చేతికందును. మరియొక సంగతి కూడ చెప్పదగినది. 2023 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి కార్యదర్శి యొకడు, పేరు వెల్లడింపరాదను నియమముమీద విలేఖరులతో మాటలాడుచు, ఇట్టివారిని చూచుటకును, పొరుగున నుంచుకొనుటకును తనకు మనసు రాదనెను. అచ్చట పలువురు విలేఖరులుండిరి. మైనిచీ పత్రిక, అతనికి ముందుగా తెలిపి, ఆ మాటలను ప్రకటించెను. మరునాడే అతని యుద్యోగము పోయెను. నియమభంగము తగునా కాదా యని అచ్చట పెద్ద చర్చ జరిగినది; ఆ చర్చకు రెండు వైపులను బలము కలదు. నేను గమనింపుమనునది వేరు. అధికారముననున్నవాని ద్వేషమే వార్త యని ఆ పత్రిక తలచినది. ద్వేషమునకు గురియైనవారిని వార్తగా చేయలేదు. మన పత్రికల చూపు తరచుగా దీనికి తలక్రిందులుగా నుండును. ఇల్లు వెడలగొట్టిన తండ్రి వార్త కాడు. వెడలిన బిడ్డ వార్త.

దీనికి పత్రికలవారు ఒక సమాధానము చెప్పుదురు. 'మేము లోకమునకు అద్దము పట్టువారము. మన సంప్రదాయమున నిట్టి వివాహము లేదు. చదువరులకు వింతగా తోచును. వింతగానే వ్రాయుచున్నాము' అని. ఈ వాదమును త్రోసిపుచ్చరాదు, పరీక్షింపవలెను. సంప్రదాయమున నున్నది గనుక మంచిది, లేదు గనుక చెడ్డది, అను కొలతతో మనము ఎన్నడైన వివాహమును కొలిచితిమా? ఈ ఆదోని, ఆలూరు ప్రాంతములు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనివి. 1904లో అచ్చయిన బళ్ళారి జిల్లా గెజెటీరులో బసివి యాచారము వర్ణింపబడినది. మగబిడ్డలు లేని యింట నొక కూతురును దేవునికి సమర్పింతురు. ఆమెకు పెండ్లి యుండదు. కొడుకువలె ఆస్తి వచ్చును. ఆమె శరీరము మాత్రము ఆమెది కాదు. ఇది సంప్రదాయమే. తరతరములుగా వచ్చినదే. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనము దానిని నిషేధించినది. ఏ కారణమున? ఆ బాలికను ఎవరును అడుగలేదు గనుక. బాల్యవివాహమును 1929లో శారదా చట్టము నియమించినదియు ఆ కారణముననే. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు సంప్రదాయమంతయు ఎదురు నిలిచినది. ఆ వధూవరుల సమ్మతి యొక్కటే వారి పక్షమున నుండెను. కాబట్టి మన సంస్కర్తలు చేతికి తీసికొనిన కొలత పాతక్రొత్తలది కాదు. వయసు వచ్చినదా? ఇష్టపడిరా? ఒకరిచే నొకరు మోసపోలేదు గదా? ఈ మూడు ప్రశ్నలే ఆ కొలత. ఈ కొలతతో చూచినవారు స్వలింగ దాంపత్యమును గూర్చి ఏ నిర్ణయమునకు వత్తురో నేను చెప్పనక్కరలేదు. ఇతర కారణములచే దానిని నిరాకరించువారు సయితము, దానిని నవ్వుటకు కారణమును మాత్రము చూపలేరు.

వితంతు వివాహమునకును దీనికిని ఒక భేదము కలదు. 1856లోనే వితంతు వివాహము చట్టసమ్మతమైనది. లోకము అంగీకరించుటకే కాలము పట్టినది. ఇప్పటి యీ విషయమున కొన్ని యిండ్లు అంగీకరించినవి. చట్టము వెనుక నున్నది. అప్పుడు చట్టమునకు లోకమును తోడు తెచ్చుటకు వివేకవర్ధని వంటి పత్రిక పాటుపడినది. అది తమాషా చూపి సంతృప్తి పడలేదు. శాస్త్రమును, చట్టమును, బాలవితంతువుల దుఃఖమును విప్పి చెప్పినది. ఆ పత్రిక వారసత్వము తమదని గర్వించు తెలుగు పత్రికలు ఆ పద్ధతిని కూడ వారసత్వముగా తీసికొనవలసియున్నది.

ఈ విమర్శ యెందుకింత దీర్ఘముగా చేయవలసెనో ఇప్పుడు చెప్పుదును. ఇద్దరు యువతులు కలిసి ఇల్లు విడిచిరనుకొందము. జిల్లా పుటలో వార్త యెట్లు ముగియునో మనకందరకును తెలియును: పోలీసులు వారిని పట్టుకొనిరి, కౌన్సెలింగ్ ఇచ్చిరి, తల్లిదండ్రులకు అప్పగించిరి. వార్త ముగిసినది, కథ ముగిసినదని చదువరి తలచును. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీని ఆమె యిష్టము లేక ఎవరికైనను 'అప్పగించు' హక్కు ఎవరికి కలదని విలేఖరి యడుగడు. 2025 మే మాసమున మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఇట్టి సందర్భముననే, ఇంటివారు నిర్బంధించిన యొక యువతిని విడిపించుచు, కుటుంబ మేర్పడుటకు వివాహ మొక్కటే మార్గము కాదని చెప్పెను. ఆమె చెలికత్తెతో పోవు స్వేచ్ఛ ఆమెకు గలదనెను. ఆమెను బలవంతముగా పుట్టింటికి పంపిన పోలీసులను మందలించెను. ఇక కౌన్సెలింగ్ అను మాట. ఇట్టి స్వభావమును మార్చెదమని చేయు చికిత్సను వృత్తిధర్మ విరుద్ధమని జాతీయ వైద్య మండలి 2022లో ప్రకటించినది. అది రోగము కాదు గనుక దానికి చికిత్స లేదు. అయినను పత్రికలలో కౌన్సెలింగ్ అను మాట మందు వలె నచ్చగుచున్నది. అది చదివిన తండ్రి బిడ్డను ఏ వైద్యునివద్దకో, ఏ భూతవైద్యునివద్దకో తీసికొనిపోవును. ఆ వార్తనే చదివిన బిడ్డ, ఇంట చెప్పిన తనకును గతి యదియే యని గ్రహించి మౌనము వహించును. ఆ మౌనముతోనే పెండ్లిపీటల మీద కూర్చుండును. అప్పుడు ఏ పాపమెరుగని మరియొక యువతియో యువకుడో ఆ మౌనమునకు బలియగును. సంతోషము లేని ఆ కాపురము ఏ పత్రికకును వార్త కాదు. ఒక మాట తప్పుగా అచ్చుపడుటచే ఇద్దరి బ్రతుకులు చెడుట సాధ్యమని నేను చెప్పునది అందుచేతనే.

ఇందుకు విరుద్ధమైన దోషమును కూడ విడువరాదు. కొందరు వ్రాతగాండ్రు ఈ విషయమున ఉత్సాహాతిశయముచే, ప్రతి జంటను వీరులుగా చిత్రించి, ప్రతికూలురందరిని అనాగరికులని తిట్టుదురు. ఇదియు కర్రను చూచుటయే; పట్టుకొనిన చేయి మాత్రము మారినది. మనుష్యులను మనుష్యులుగా చూపుటకు పొగడ్త యక్కరలేదు. అట్టి జంటలలోను జగడములుండును, అప్పులుండును, అత్తగారి మాటలుండును. అవి యున్నవని మర్యాదతో చెప్పిన వార్తయే చదువరి మనస్సును ఎక్కువగా మార్చును.

పత్రికల నడుగదగినది పెద్ద కోరిక కాదు. శరీరకార్యముతో మనుష్యునికి పేరు పెట్టకుడు. పోలీసులను, తండ్రిని అడిగినట్లు ఆ ఇద్దరిని కూడ అడుగుడు. వారొల్లకున్న వారి పేరును, ఊరును, చిత్రమును ప్రకటింపకుడు. వయసు చెప్పునప్పుడు దాని వెంబడి హక్కును కూడ చెప్పుడు. తీర్పులను సగము చేసి చెప్పకుడు. ఢిల్లీ తీర్పు పిమ్మట 2024లో కేంద్ర ప్రభుత్వము, ఇట్టి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరచుటకును ఒకరినొకరు నామినీగా వ్రాసికొనుటకును అడ్డంకి లేదనియు, రేషను కార్డు విషయమున వారిని ఒక్క యింటివారిగా నెంచవలెననియు తెలిపెను. ఎమ్మిగనూరులో గాని ఆదోనిలో గాని బ్యాంకు గుమాస్తా బల్లయెదుట నిలువబడిన యొక స్త్రీకి ఈ రెండు పంక్తుల వార్త యెంత యుపయోగకరము! అది సంచలనము కాదు గనుక, శ్రమపడి ముద్రింపవలసిన వార్త.

చదువరుల భాగము కూడ కొంత గలదు. పత్రిక మన కాసుతో బ్రతుకుచున్నది. తలలు లెక్కపెట్టుటతో సరిపుచ్చిన పత్రికకు, కల్యాణమును గూర్చి ఏల వ్రాయలేదని ఒక కార్డుముక్క వ్రాయువారు మనలో నెందరు? ఇంట పిల్లలు వినుచుండగా నిట్టి వార్తను చదివి వెకిలిగా నవ్విన మామగారిని, 'అందులో నవ్వవలసిన దేమున్నది?' అని మెల్లగా నడుగు కోడలు, ఆ యింట ఎవరికి మేలు చేసినదో ఆమెకే తెలియకపోవచ్చును. వినుచున్న పిల్లలలో నొకరికి తెలియును.